ఇనుముకు ఉక్కు చర్మం

ఉగాది సంచికలో తుపాకుల ప్రసంగం ఎందుకని చదువరులు అడుగవచ్చును. పద్యాలూ, పంచాంగమూ, పచ్చడి ముచ్చట్లూ ఉండవలసిన చోట ఇనుమూ, బొగ్గూ, ఎముకలూ ఏమిటని కొందరు మొగం చిట్లించవచ్చును. కాని మన సంఘంలో రైల్వే కుటుంబాలు ఒకటీ రెండూ కావు. తాతలనాడు తెలుగునాడు విడిచి హుబ్బళ్ళికీ, పెరంబూరుకూ, ఖరగ్‌పూరుకూ వచ్చి స్థిరపడినవారిలో కొలిమి దగ్గరా, లేతు దగ్గరా, ఫిట్టరు బల్ల దగ్గరా చేయి కాల్చుకొని బ్రతికినవారు చాలామంది ఉన్నారు. ఇనుము మనకు పరాయి వస్తువు కాదు. మేము మాత్రం సుత్తి పట్టినవారము కాము, లెక్కలు వ్రాసే గుమస్తాలము. ఆ లెక్కల పుస్తకాలలో కనిపించే 'కేస్ హార్డెనింగ్' అనే మాట వెంటబడి పోగా పోగా, అది మమ్మల్ని నూరు, నూట యాభై ఏండ్లనాటి ఇంగ్లీషు, అమెరికను జోడుగొట్టాల తుపాకుల దగ్గరకు తీసుకొని పోయినది. అక్కడ తెలిసిన సంగతులు నలుగురితో పంచుకోదగినవని తోచి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

పాతకాలపు మంచి వేటతుపాకిని దగ్గరగా చూచినవారికి ఒక వింత కనబడుతుంది. గొట్టాలు నల్లగానో గోధుమవన్నెగానో ఉంటాయి. వెనుక కర్ర ఉంటుంది. ఈ రెంటికీ నడుమ, గొట్టాలు వచ్చి కూర్చునే ఇనుప చట్రం ఒకటి ఉన్నది. దీనిని 'ఆక్షన్' అంటారు. ఆ చట్రం మీద, దాని ప్రక్కపలకల మీద, మీటను కాచే వంపు మీద రంగులు పారాడుతూ ఉంటాయి. ఒకచోట నెమలికంఠం రంగు, ఒకచోట వంగపండు రంగు, వాటి మధ్య ఎండుగడ్డి రంగు, బూడిద రంగు, అన్నీ మేఘాలవలె ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఏ రెండు తుపాకులలోను ఆ మేఘాలు ఒకే విధంగా ఉండవు. అది పూసిన రంగు కాదు. కుంచె తగిలినది కాదు. ఎముకల బొగ్గులో ఉడికి, చన్నీటిలో మునిగినప్పుడు ఇనుము తనంతట తాను తెచ్చుకొన్న రంగు.

ఇది ఎట్లా జరిగినదో తెలియడానికి ముందు ఇనుము స్వభావం కొంత తెలియాలి. మన పల్లెలలో కమ్మరి కొడవలికి పానం పెట్టడం పెద్దలు చూచే ఉంటారు. కొడవలిని ఎర్రగా కాల్చి నీటిలో ముంచుతాడు, చుయ్యిమంటుంది, అంచు గట్టిపడుతుంది. కాని ప్రతి ఇనుమూ ఇట్లా పానం పట్టదు. ఇనుములో తగినంత బొగ్గుసారం, అనగా కర్బనం, ఉంటేనే అది పానానికి లొంగుతుంది. నూటికి 0.1, 0.2 పాళ్ళు మాత్రమే కర్బనం ఉన్న మెత్తని ఇనుమును ఎన్నిసార్లు కాల్చి ముంచినా అది పెద్దగా గట్టిపడదు. నూటికి 0.8 పాళ్ళ వరకు కర్బనం చేరితే ఆకురాయి కూడా జారిపోయేటంత గట్టిపడుతుంది. అయితే ఆ గట్టితనంతో పాటు పెళుసుదనం కూడా వస్తుంది. దెబ్బ తగిలితే గాజువలె పగులుతుంది.

కావలసినది మెత్తనిదా, గట్టిదా? అరగకుండా ఉండాలంటే గట్టిది కావాలి. పగలకుండా ఉండాలంటే మెత్తనిది కావాలి. ఈ రెండూ ఒకే వస్తువులో కావలసి వచ్చినప్పుడు పూర్వులు ఒక ఉపాయం కనిపెట్టినారు. వస్తువు నంతటినీ మెత్తని ఇనుముతో చేసి, పైచర్మానికి మాత్రం కర్బనం ఎక్కించి పానం పెట్టడమే ఆ ఉపాయం. లోపల ఇనుము, పైన ఉక్కు. ఆ ఉక్కు చర్మం మందం తుపాకి పనిలో సామాన్యంగా రెండు మూడు కాగితాల మందమే.

ఈ విద్య చాలా పాతది. 12వ శతాబ్దపు ఆరంభంలో థియోఫిలస్ అనే పేరుతో ఒక క్రైస్తవ సన్యాసి లాటిన్ భాషలో చేతిపనులను గురించి గ్రంథం వ్రాసినాడు. అందులో ఆకురాళ్ళకు పానం పెట్టే పద్ధతి ఉన్నది. ఎద్దుకొమ్మును కాల్చి గీరి, మూడవ వంతు ఉప్పు కలిపి నూరి, ఎర్రగా కాలిన ఆకురాయి మీద చల్లి, నీటిలో ముంచాలి. చిన్న ఆకురాళ్ళకైతే పంది కొవ్వు పూసి, మేకతోలు పేలికలు చుట్టి, పైన మట్టి మెత్తి కొలిమిలో పెట్టాలి. కొమ్ము, తోలు, కొవ్వు, ఇవన్నీ కాలినప్పుడు బొగ్గును ఇచ్చేవే. కర్బనమనే పేరు పుట్టక ముందే దాని పని చేతివారికి తెలిసి ఉన్నది.

1678 ప్రాంతంలో లండనులో జోసెఫ్ మాక్సన్ చేతిపనులను గురించి చిన్న భాగాలుగా పుస్తకం అచ్చువేసినాడు. అందులోనూ ఇదే పని చెప్పినాడు. ఆవుకొమ్ము లేదా గిట్ట ఎండబెట్టి పొడిచేసి, సమానంగా ఉప్పు కలిపి, నిలవ మూత్రంతో గాని ద్రాక్షపులుసుతో గాని తడిపి, ఇనుము చుట్టూ మెత్తి, పైన మట్టి కప్పి కాల్చడమే ఆయన పద్ధతి. 1722లో ఫ్రాన్సులో రెయోమర్ అనే శాస్త్రజ్ఞుడు ఇనుమును ఉక్కుగా మార్చే విధానం మీద పెద్ద గ్రంథమే ప్రకటించినాడు. బొగ్గు, మసి, బూడిద, ఉప్పు పాళ్ళు మార్చి మార్చి పరీక్షించినాడు. అయినా అసలు రహస్యం అప్పటికి చిక్కలేదు. 1786లో వాన్‌డెర్మాండ్, బెర్తొలే, మాంజ్ అనే ముగ్గురు ఫ్రెంచివారు ఇనుముకూ ఉక్కుకూ గల భేదం కర్బనమేనని నిరూపించినారు. చేతివారి అనుభవం ముందు నడిచినది, శాస్త్రం ఆరు శతాబ్దాల తరువాత వచ్చి దానికి పేరు పెట్టినది.

ఇక్కడ మన తెలుగునాటిని తలచుకొనక తప్పదు. నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో తయారైన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. లాంబ్టన్ సర్వేలో పనిచేసిన వాయ్సీ అనే వైద్యుడు దానిని స్వయంగా చూచి వ్రాసిన వృత్తాంతం, ఆయన మరణానంతరం 1832లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. ఇంగ్లండులో ఫారడే 1819లోనే దక్షిణాది ఉక్కును పరిశోధించినాడు. దక్షిణాదిన మట్టిమూసలో ఇనుప ముక్కలనూ, కట్టెనూ ఆకులనూ పెట్టి మూసి కాచి ఉక్కు తీసేవారు. అప్పుడు కర్బనం వస్తువంతటా వ్యాపిస్తుంది. తుపాకి పనివాడు పెట్టెలో బొగ్గుతో కాచినప్పుడు కర్బనం చర్మంలోనే ఆగుతుంది. పద్ధతులు వేరైనా, గాలి సోకకుండా మూసిన పాత్రలో బొగ్గూ ఇనుమూ కలిసి కాగడమనే మూలసూత్రం ఒక్కటే.

ఇక తుపాకుల సంగతి. పూర్వం తుపాకికి మందు, గుండు మూతి నుండి కూరేవారు. 19వ శతాబ్దంలో తూటాను వెనుక నుండి పెట్టే తుపాకులు వచ్చినవి. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనంలో ఫ్రెంచివాడైన లెఫోషో తుపాకి చూచిన తరువాత ఇంగ్లీషు పనివారు ఈ మార్గం పట్టినారు. 1875లో బర్మింగ్‌హాంలోని వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీకి చెందిన ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కొత్త రకం యంత్రాంగాన్ని చేసినారు. ఈ తుపాకులలో గొట్టాలు తలుపువలె కీలు మీద వంగుతాయి, మరల మూసుకొంటాయి. వేటకాని జీవితంలో అది వేలసార్లు జరుగుతుంది. కీలూ, కొక్కెమూ, గడియలూ ఒకదానినొకటి రాచుకొంటాయి. పేలినప్పుడు దెబ్బంతా ఆ చట్రం మీదనే పడుతుంది. అరగకూడదు, పగలకూడదు. కనుక మెత్తని ఇనుముకు ఉక్కు చర్మం తొడిగే పాత విద్య ఇక్కడ అక్కరకు వచ్చినది.

మరొక సౌకర్యం కూడా కలదు. మంచి తుపాకి మీద లతలూ, పక్షులూ, వేటకుక్కలూ చెక్కుతారు. గట్టి ఉక్కు మీద ఉలి సాగదు. అందుచేత చట్రం మెత్తగా ఉన్నప్పుడే ఆకురాయితో అమర్చడం, ఉలితో చెక్కడం అన్నీ ముగించుకొని, కడపట గట్టిపరచేవారు. గొట్టాలకు మాత్రం ఈ పని చేయరు. గొట్టం పేలుడు వత్తిడికి కొంచెం సాగగల గుణంతో ఉండాలి గాని పెళుసు కారాదు. పైగా రెండు గొట్టాలను కలిపే పట్టీలను తగరపు మాటుతో అతుకుతారు. ఎర్రటి వేడికి ఆ మాటు కరిగి ఊడిపోతుంది.

పని జరిగే క్రమం ఇది. మొదట పశువుల ఎముకలను జిడ్డు తీసి, గాలి చొరని పాత్రలో కాల్చి బొగ్గు చేస్తారు. గాలి తగిలితే తెల్లని బూడిద అవుతుంది, తగలకపోతే నల్లని బొగ్గు మిగులుతుంది. దీనికి కర్రబొగ్గు కలుపుతారు. కొందరు తోలుబొగ్గు కూడా చేర్చేవారు. తుపాకి భాగాలను నునుపుగా మెరుగుపెట్టి, జిడ్డు లేకుండా కడిగి, ఇనుప పెట్టెలో ఈ బొగ్గు మధ్య పాతిపెడతారు. వేడికి వంకర పోకుండా పలుచని భాగాలకు మందమైన ఇనుప దిమ్మలు బిగిస్తారు. మూత పెట్టి సందులను బంకమట్టితో మూసి కొలిమిలో ఉంచుతారు. రంగు కావలసిన పనికి వేడి సుమారు 730 నుండి 800 డిగ్రీల సెంటిగ్రేడు. కొన్ని గంటలు ఆ వేడిలోనే నిలపాలి. పెట్టెలో మిగిలిన కొద్ది గాలి బొగ్గుతో కలిసి ఒక వాయువవుతుంది. ఆ వాయువే కర్బనాన్ని మోసుకొనిపోయి ఇనుము చర్మంలో దింపుతుంది.

తరువాత వచ్చేదే కీలకమైన ఘడియ. పెట్టెను తొట్టి మీదకు తెచ్చి, నీటికి ఆనించినంత దగ్గరగా పట్టి, అడుగు తెరుస్తారు. బొగ్గూ ఇనుమూ కలిసి ఒక్కసారిగా చన్నీటిలో పడాలి. దారిలో గాలి తగిలితే రంగులు పోయి బూడిదవన్నె మిగులుతుంది. నీటిలో అడుగు నుండి గాలి బుడగలు పంపుతూ ఉంటారు. కొందరు చిటికెడు సూరేకారం కూడా వేస్తారు. నీటిలోని ప్రాణవాయువు వేడి ఇనుము మీద అతి పలుచని పొరగా పడుతుంది. ఆ పొర మందం వెంట్రుకలో వెయ్యో వంతు పాటిది. వాననీటి మీద తేలిన నూనె చుక్కలోనూ, పిల్లలు ఊదే సబ్బు బుడగలోనూ రంగులు కనిపించే కారణమే ఇక్కడా కారణం. పొర మందం కొంచెం మారితే గడ్డిరంగు వంగపండు అవుతుంది, ఇంకొంచెం మారితే నీలం అవుతుంది. ఏ బొగ్గు ముక్క ఎక్కడ ఆనినదో, ఏ బుడగ ఎక్కడ తాకినదో దానిని బట్టి మేఘాలు ఏర్పడతాయి. అందుచేతనే ఏ రెండూ ఒకటి కావు.

ఇందులో నష్టభయం లేకపోలేదు. నెలల తరబడి అమర్చి చెక్కిన చట్రం నీటిలో పడిన క్షణంలో వంకర పోవచ్చును, మూలల దగ్గర చిట్లవచ్చును. ఆ పైన దానిని సరిచేద్దామన్నా ఆకురాయి ఎక్కదు. ఆ ఒక్క క్షణంలో ఎందరి పనియో గంగపాలు కావచ్చును. కనుకనే ఇంగ్లండులో చాలా తుపాకి కంపెనీలు ఈ పనిని ప్రత్యేకంగా అదే వృత్తిగా గలవారికి ఇచ్చేవి. బర్మింగ్‌హాం వీధులలో ఆ వృత్తి తండ్రి నుండి కొడుకుకు సంక్రమించేది. బొగ్గు పాళ్ళు, వేడి, నీటి గుణం, ఇవన్నీ ఇంటిగుట్టు. కంటితో ఎరుపు చూచి వేడి చెప్పగలవాడే పనివాడు.

అమెరికాలో ఈ రంగులకు ఇంకా ఎక్కువ గిరాకీ వచ్చినది. 1873లో వచ్చిన కోల్టు పిస్తోలు చట్రం ఈ రంగులతోనే పేరు పొందినది. కనెక్టికట్ రాష్ట్రంలోని మెరిడెన్ పట్టణంలో పార్కరు సోదరుల కార్ఖానా 1860ల చివరి నుండి జోడుగొట్టాల తుపాకులు చేసినది. అందులో తయారైనవి మొత్తం సుమారు 2,40,000. పార్కరు తుపాకి మీది మృదువైన రంగులను మెచ్చుకొనని వేటప్రియుడు లేడు. 1934లో ఆ వ్యాపారం రెమింగ్టన్ కంపెనీ చేతికి పోయినది, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తయారీ ఆగిపోయినది. తుపాకులు మిగిలినవి. చేసిన చేతులు పోయినవి. తరువాతి తరంవారు ఆ రంగులను మరల తెప్పించడానికి ఎముకల పాళ్ళూ, నీటి చల్లదనమూ, వేడి కొలతలూ మొదటి నుండి పరీక్షించి చూడవలసి వచ్చినది.

ఈ కథలో మాకు విచారం కలిగించిన భాగం ఇక వస్తుంది. మొదట రంగు కోసం ఎవరూ ఈ పని చేయలేదు. గట్టితనం కోసం చేసినారు. రంగు దాని వెంట వచ్చిన ఫలం, పని సక్రమంగా జరిగినదనడానికి సాక్ష్యం. కొనేవారు ఆ సాక్ష్యాన్నే అసలు సరుకుగా భావించడం మొదలుపెట్టినారు. అమ్మేవారు అది గమనించినారు. ఎముకల బొగ్గులో గంటల తరబడి కాచడానికి బదులుగా కరిగిన సయనైడు లవణంలో కొద్ది నిమిషాలు ముంచి తీసే పద్ధతి వచ్చినది. ఇది నిజంగానే చర్మాన్ని గట్టిపరుస్తుంది, కర్బనంతో పాటు నత్రజనిని కూడా ఎక్కిస్తుంది. కాని రంగులు మేఘాలవలె గాక పులిచారలవలె పడతాయి. ఫుల్టన్ పట్టణంలో తయారైన ఎల్.సి. స్మిత్ తుపాకులలో తరువాతి కాలపువి చాలావాటిలో ఈ చారలు చూడవచ్చును. పని త్వరగా అయినది, ఖర్చు తగ్గినది. సయనైడు మాత్రం ప్రాణాంతకమైన విషం. ఆ తొట్టి దగ్గర నిలబడి పనిచేసిన కూలివాని మాట తుపాకి అందాన్ని మెచ్చుకొనేవారికి గుర్తుండదు.

అక్కడితోనూ ఆగలేదు. తరువాత తరువాత గట్టిపరచడమే లేకుండా, మంటగొట్టంతో అక్కడక్కడ కాల్చిగాని, ఆమ్లాలు రాచిగాని ఉత్త రంగు మాత్రమే తెప్పించేవారు బయలుదేరినారు. పాత తుపాకికి విలువ పెరిగిన కొద్దీ ఈ వేషాలు ఎక్కువైనవి. కంటికి రంగు కనబడుతుంది, లోపల పానం ఉండదు. ఉన్న పానం కూడా పోవచ్చును. గట్టిపరచిన ఉక్కును మరల 300 డిగ్రీలకు కాల్చితే నీలిరంగు వస్తుంది గాని గట్టితనం కొంత దిగుతుంది, ఇంకా కాల్చితే ఇంకా దిగుతుంది. తుపాకిలో పేలుడు దెబ్బను కాచుకొనే చోటు అది. కాల్చేవాని కంటికి జానెడు దూరంలో ఉండే చోటు అది. అందం కోసం దాని బలంతో చెలగాటమాడడం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

మరి రంగు వెలిసిన పాత తుపాకిని ఏమి చేయాలి? ఈ విషయంలో తెలిసినవారిలో రెండు పక్షాలున్నవి. తగిన పనివాడు పద్ధతి ప్రకారం మరల బొగ్గులో కాచి రంగు తెప్పిస్తే తప్పేమిటని ఒక పక్షం. మరల కాచినప్పుడల్లా వంకర, చిట్లు భయం ఉన్నది, అదీ గాక నూరేండ్ల వాడుక గుర్తులు చెరిగిపోతాయని రెండవ పక్షం. మాకు రెండవ పక్షమే సమంజసంగా తోస్తున్నది. ఆ రంగు ఎండకు వెలుస్తుంది, చేతి రాపిడికి పోతుంది, క్షారాలతో కడిగితే పోతుంది. అందుకే కంపెనీలవారు పైన సన్నని వార్నీషు పూసి పంపేవారు. పెద్దల చేతులలో నలిగిన తుపాకి చట్రం పాతవెండివలె తెల్లబడుతుంది. మీటను కాచే వంపు దగ్గర, చెయ్యి సోకని మూలలలో మాత్రం ఒకింత నెమలికంఠం రంగు దాగి ఉంటుంది. ఆ మిగిలిన రవ్వంత రంగు అబద్ధం చెప్పదు. రంగు పోయినా గట్టితనం పోలేదు, ఎందుకంటే రంగు వెంట్రుకలో వెయ్యో వంతు, ఉక్కు చర్మం దానికి వేయి రెట్ల మందం.

తుపాకుల మాట అట్లా ఉంచితే, ఈ విద్య మన రైల్వేలలో నేటికీ బ్రతికే ఉన్నది. ఆవిరి ఇంజన్ల కాలంలో కవాటాలను నడిపే కడ్డీల పిన్నులనూ, బుష్షులనూ ఈ విధంగానే గట్టిపరచేవారు. ఆవిరి పోయి డీజిలు, విద్యుత్తు ఇంజన్లు వచ్చినవి. మోటారు నుండి చక్రానికి బలాన్ని అందించే పళ్ళచక్రాల పళ్ళకు నేటికీ కర్బనపు చర్మం ఎక్కిస్తారు. ఎముకల బొగ్గు పెట్టెకు బదులు వాయువు నింపిన కొలిములు వచ్చినవి, ఎరుపు చూచి వేడి చెప్పే కంటికి బదులు కొలతల యంత్రాలు వచ్చినవి. ఆ పళ్ళ మీద నెమలికంఠం రంగులేమీ ఉండవు. వాటిని ఎవరూ మెచ్చుకొనరు. అవి మాత్రం మనల్ని ఉగాదికి ఊరు చేరుస్తూనే ఉన్నవి.

ఇంత చెప్పిన తరువాత మన కుటుంబాలవారికి ఒక మనవి. కోనసముద్రం మూసలు ఆరిపోయినవి. మెరిడెన్ కొలిమి చల్లారినది. రెండు చోట్లా ఒకటే నష్టం జరిగినది. చేసేవాడు వ్రాయలేదు, వ్రాసేవాడు చేయలేదు. మన ఇండ్లలోనూ కొలిమి పని, అచ్చు పని, బాయిలరు పని చేసి విశ్రమించిన తాతలు ఇంకా ఉన్నారు. వారి నోట పానం, మూస, దాగలి, పట్టకారు, ఆకురాయి వంటి మాటలు ఇప్పటికీ వినబడుతున్నవి. మన పిల్లలకు ఇక్కడి బడులలో ఆ వస్తువుల ఇంగ్లీషు పేర్లు వస్తాయి, కన్నడంలోనూ వస్తాయి, తెలుగులో రావు. అది వారి తప్పు కాదు. ఒక సాయంకాలం తాత ప్రక్కన కూర్చుని, ఏ పని ఎట్లా చేసినారో అడిగి, ఆయన చెప్పిన మాటలలోనే ఒక నోటుపుస్తకంలో వ్రాసి పెట్టడం మాత్రం పెద్ద శ్రమ కాదు. తప్పులున్నా ఫరవాలేదు. అట్లా వ్రాసినవి వచ్చే ఏటి సంచికకు పంపితే మన సంఘంవారు సంతోషంగా అచ్చువేయగలరని నమ్ముతున్నాము.

చదువరులందరికీ, వారి ఇంటిల్లిపాదికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.